ముందు పాత బావుల లెక్క తేల్చండి

బొగ్గు కాల్చగా వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదలకుండా పట్టి, సముద్రగర్భంలోని రాతిపొరల్లోకి ఎక్కించాలన్న ఆలోచన దేశంలో ఊపందుకుంటోంది. నీతి ఆయోగ్ 2022లోనే ఇందుకో విధానాన్ని ప్రతిపాదించింది. గ్యాస్ తీసేసిన పొరలున్న కృష్ణా-గోదావరి బేసిన్ మీద కన్ను పడటం సహజమే. ఆలోచనను మేం కాదనడం లేదు. అయితే ‘లీకయ్యే అవకాశం అత్యల్పం’ అన్న ఒక్క ముక్కతో కోనసీమను ఒప్పించలేరు. 1995 జనవరిలో అంటుకున్న పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి, తెల్లవారకముందే జనం కాలిపోయారు.

నార్వే వాళ్లు ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం దగ్గర 1996 నుంచి ఈ వాయువును భూగర్భంలోకి ఎక్కిస్తున్నారు. లీకైన దాఖలా లేదు. అదే దేశంలో 2008లో మొదలైన స్నోవిట్ దగ్గర మాత్రం పొరలో పీడనం అనుకున్నదానికన్నా త్వరగా పెరిగింది. 2011లో వేరే పొరకు మారాల్సి వచ్చింది. కొలతలు ఆపకుండా తీశారు గనుకే ముందుగా పసిగట్టగలిగారు.

సుమారు 800 మీటర్ల లోతు దాటితే ఈ వాయువు ఒత్తిడికి ద్రవంలా చిక్కబడుతుంది. అయినా అక్కడి ఉప్పునీటికన్నా తేలికే కాబట్టి పైకి ఎగబాకుతుంది. పైనున్న గట్టి రాతిపొర దాన్ని ఆపాలి. సభల్లో చూపించే బొమ్మల్లో ఆ పొర అతుకులేని పలకలా ఉంటుంది. మన బేసిన్‌లో పగుళ్లున్నాయి, అధిక పీడనం ఉన్న పొరలున్నాయి, అన్నిటికీ మించి దశాబ్దాలుగా తవ్వి వదిలేసిన చమురు, గ్యాస్ బావులున్నాయి. నీటితో కలిసిన కార్బన్ డయాక్సైడ్ ఆమ్లమై సిమెంటునూ ఉక్కు గొట్టాలనూ తినేస్తుంది. ఏ బావిని ఎప్పుడు, ఎంత లోతున, ఏ సిమెంటుతో మూశారో తెలియకుండా కట్టే లీకేజీ అంచనా కాగితం మీదే నిలుస్తుంది.

లీకైతే బుడగలు కనిపిస్తాయిలే అనుకోవడానికీ లేదు. 2012లో స్కాట్లాండ్ తీరంలో పరిశోధకులు సముద్రం అడుగున కావాలనే 4.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలి చూస్తే, బుడగలై పైకి వచ్చింది సుమారు 15 శాతమే. మిగిలింది బురదలోనే ఉండిపోయింది, లేదా నీటిలో కరిగింది. మన దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. వరద రోజుల్లో ఎర్రనీరు దిగినప్పుడు గోదావరి ముఖద్వారాల్లో కార్బన్ డయాక్సైడ్ దానంతటదే పెరుగుతుంది. వేసవిలో కొలిచి, ఆ అంకెతో ఆగస్టు నీటిని పోల్చితే లేని లీకు ఉన్నట్టు కనిపిస్తుంది, ఉన్నది వరదలో కలిసిపోతుంది. కొన్నేళ్లపాటు అన్ని రుతువుల్లో నీటినీ బురదనూ కొలిచాకే పంపు తిప్పాలి. సముద్రపు నీరు తోడుకునే రొయ్యల హేచరీలకు, గుల్లలు ఏరుకునే కుటుంబాలకు ఆ లెక్కలే ఆధారం.

సముద్రం సంగతి సరే, ఒడ్డున వేసే పైపు మాటేమిటి? 2020 ఫిబ్రవరిలో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రం సాటార్షియాలో వానలకు నేల జారి కార్బన్ డయాక్సైడ్ పైపు తెగింది. ఆక్సిజన్ అందక కార్లు ఆగిపోయాయి, 45 మంది ఆస్పత్రి పాలయ్యారు. ఇది గాలికన్నా బరువు. మంట ఉండదు, వాసన రాదు, పల్లంలో నిలుస్తుంది. కాలువలకు దిగువన ఇళ్లుండే డెల్టాలో ఇంతకన్నా దగ్గరి ప్రమాదం మాకు కనిపించడం లేదు.

కాబట్టి పాత బావుల జాబితాను మండలాలవారీగా తెలుగులో బయటపెట్టాలి. ఎక్కించే కంపెనీతో సంబంధం లేనివాళ్లే కొలతలు తీయాలి. కంపెనీ పని ముగించుకుని వెళ్లాక లీకు బయటపడితే భైరవపాలెం మత్స్యకారుడు ఎవరి గుమ్మం తొక్కాలో చట్టంలో రాయాలి. ఐరోపా 2009లో తెచ్చిన ఆదేశం ప్రకారం, నిల్వను మూసేశాక కూడా సాధారణంగా కనీసం 20 ఏళ్లపాటు బాధ్యత కంపెనీదే. మన దగ్గర ఆ గడువు ఎంతో, కంపెనీ ముందుగా కట్టాల్సిన పూచీ సొమ్ము ఎంతో మొదటి అనుమతి ఇవ్వకముందే తేల్చాలి.