ఒక్క శాతం దగ్గర ఆగిన యుద్ధం

రాత్రి పదకొండు గంటలకు మా మేనకోడలు ఫ్యామిలీ గ్రూపులో ఒక ప్రశ్న వేసింది. "ఫోన్ రాత్రంతా చార్జింగ్‌లో ఉంచొచ్చా?" అడిగేసి పడుకుంది. మేం పడుకోలేదు.

"ఉంచుకో, ఏం కాదు" అన్నారు మా బావగారు.

"అస్సలు ఉంచకూడదు" అన్నాను నేను. ఆ 'అస్సలు' అవసరమా అని ఇప్పుడనిపిస్తోంది గానీ, ఆ వేళప్పుడు అది లేకపోతే వాక్యం బోసిగా ఉందనిపించింది.

పది నిమిషాల్లో చార్జరు సంగతి పక్కకు పోయింది. రాత్రంతా ఉంచేవాళ్ళంటే నా లెక్కలో వస్తువు విలువ తెలియని మనుషులు. తీసేసేవాళ్ళంటే బావగారి లెక్కలో వట్టి చాదస్తులు. ఇంకో పది నిమిషాలకు, మా అక్క పెళ్ళిలో నేను ఆయనతో సరిగా మాట్లాడలేదన్న విషయం కూడా బయటికొచ్చింది. దానికీ బ్యాటరీకీ సంబంధం ఏమిటో ఆయనకే తెలియాలి.

మధ్యలో పెదనాన్నగారు వచ్చి, "అసలు పూర్తిగా అయిపోయాకే పెట్టాలిరా" అన్నారు. ఆయన మాటా గాల్లోంచి పుట్టింది కాదు. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలను ప్రతిసారీ సగం వాడి చార్జింగ్ పెడితే, తమ బలం ఆ సగమే అనుకుని అక్కడికే చతికిలబడతాయని పేరు. ఇప్పటి ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో మార్కెట్లోకి వచ్చాయి, వాటితో ఆ బెడద లేదు. ఇది ఆయనకు నెమ్మదిగా చెప్పొచ్చు. కానీ ఆయన ఎవరి పక్షమో తేలలేదు కాబట్టి, ఇద్దరం ఆయన్ని అవతలి పక్షం కింద జమకట్టేశాం.

అసలు పాపం మా తమ్ముడిది. బాబాయి కొడుకు, ఇలాంటివి చదువుకున్నవాడు. "ఇద్దరూ కొంత కరెక్టే" అని మొదలుపెట్టాడు. నిండగానే ఫోను తనంతట తానే కరెంటు తీసుకోవడం ఆపేస్తుంది కాబట్టి బావగారి ధీమా తప్పు కాదట. కానీ గంటల తరబడి నిండుగా, వేడిగా ఉంటే బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది కాబట్టి నా బెంగా తప్పు కాదట. దానికి సున్నా పడదు, వందా పడదు, మధ్యలో ఉంటేనే హాయి అని తేల్చాడు.

ఆ రాత్రి నేనూ బావగారూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఒక్కసారే. వాడు గోడ మీద పిల్లి అని ఇద్దరం ఒకే నిమిషంలో రాశాం.

కాస్త చల్లబరుద్దామని నేను చివర ఒక నవ్వు బొమ్మ పెట్టాను. అమెరికాలో స్కాట్ ఫాల్మన్ అనే ఆయన 1982 సెప్టెంబర్ 19న, జోకుల్ని జనం నిజమనుకుని పోట్లాడుకోకుండా ఉండాలని, రెండు చుక్కలు, గీత, బ్రాకెట్టుతో నవ్వు మొహం ప్రతిపాదించారు. ఆయన ఆశయం గొప్పదే, మా బావగారు ఆయనకు తగల్లేదంతే. "ఎవర్ని చూసి నవ్వుతున్నావ్?" అని వెంటనే వచ్చింది.

దాని వెనకే ఇంకో బాణం. రెండేళ్ళ కిందటి మెసేజ్ ఒకటి వెతికి తెచ్చి పెట్టారు. "రాత్రంతా చార్జింగ్ పెడితే ఏదో అయిపోతుందనేవాళ్ళకు బుర్ర లేదు." చదివి, రాసినవాడు ఎంత మొండివాడో అనుకున్నాను. పైన పేరు చూశాను. నాదే.

మెలనీ క్లైన్ అనే మానసిక విశ్లేషకురాలు పసిపిల్లల గురించి ఒక మాట చెప్పారు. వాళ్ళ మనసులో అమ్మలు ఇద్దరట. పాలిచ్చే అమ్మ మంచిది, ఏడ్చినా రాని అమ్మ చెడ్డది. ఇద్దరూ ఒకరేనని బిడ్డకు మొదటి ఏడాదిలోనే తెలియడం మొదలవుతుందట. నాకు నలభై ఆరు. రెండేళ్ళ కిందటి నేనూ ఇప్పటి నేనూ ఒకరేనని ఒప్పుకోవడం ఆ రాత్రి నావల్ల కాలేదు. "అప్పటి ఫోన్లు వేరు" అని మొదలుపెట్టి, ఆయన ఉద్యోగం, ఆయన గురక, ఆయన నడిపిన కారు, అన్నీ కలిపి పెద్ద పేరా టైపు చేశాను. ఆఖరి వాక్యం అద్భుతంగా వచ్చింది. పంపబోతూ పైకి చూస్తే బ్యాటరీ ఒక్క శాతం.

చార్జరు మంచం పక్కనే ఉంది. పెడితే సిద్ధాంతం పోతుంది. ఆలోచిస్తుండగానే ఫోను చచ్చింది.

పొద్దున్న లేచి ఆన్ చేస్తే నలభై మూడు మెసేజ్‌లు. 'అలిగాడేమో' అని అక్క. 'వాడి మనసు సున్నితం' అని పెదనాన్నగారు. ఎవరూ నన్నెన్నడూ అనని మాట అది. చివర్న బావగారు: "తప్పు నాదేరా. అంత మాట అన్నా నువ్వు ఒక్క మాటా తిరిగి అనలేదు చూడు. నీ నుంచి నేర్చుకోవాలి."

నా పేరా పంపకుండా అక్కడే ఉంది. గురకతో సహా. గబగబా చెరిపేసి, "పర్వాలేదు బావా, పెద్దవారు మీరు" అని రాశాను.

మా ఆవిడ భుజం మీంచి చూస్తూ, "అన్నయ్యగారు మెచ్చుకుంది మిమ్మల్ని కాదు, ఆ ఒక్క శాతాన్ని" అంది.

బావగారి జవాబు వచ్చింది. "సరేలే. మీ తమ్ముడు చెప్పినట్టు నేనూ మధ్యలోనే తీసేస్తాను ఇకనుంచి. నువ్వెంత దగ్గర తీస్తావ్?"

"ఎనభై, బావా."

"నేను ఎనభై అయిదు దగ్గర తీద్దామనుకుంటున్నా."

ఎనభై అయిదా! ఎవరైనా అస్సలు ఎనభై అయిదు దాకా ఉంచుతారా?