బెంజ్ సర్కిల్ రౌండుకు అనుమతి ఇప్పించగలరు

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. కొన్ని ఆదివారాలు వాళ్ల హాల్లోంచి కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకటే మోత. ఏంట్రా అదని అడిగితే, "వరల్డ్ సూపర్‌బైక్ అని మోటార్‌సైకిల్ రేసులు బాబాయ్. మోటోజీపీ అని ఇంకో పోటీ ఉంది, దాని బళ్లు రేసు కోసమే చేస్తారు, మనకి అమ్మరు. ఇవి అలా కాదు, షోరూములో దొరికే బళ్లే" అన్నాడు.

ఆ చివరి మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. షోరూములో దొరికే బండిని పోటీకి దింపడమే ఘనకార్యమైతే, ఆ పని బెజవాడలో రోజూ రెండు పూటలా జరుగుతోంది. కప్పు మాట దేవుడెరుగు, ఒక దండ వేసినవాడు లేడు.

కూర్చుని వివరాలు చదివాను. ఈ పోటీలు 1988లో మొదలయ్యాయి. మన మోటారు వాహనాల చట్టం కూడా 1988దే. కవలపిల్లలన్నమాట. ఆ చట్టంలో 189వ సెక్షన్ ఏమంటుందంటే, రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా రేసులో పాల్గొంటే శిక్ష. అంటే రాసిస్తే తప్పు లేదు. మన బెంజ్ సర్కిల్ కూడలిలో ఒక రౌండు పెట్టుకోడానికి నా అర్జీ ఆ ఒక్క కాగితం కోసమే.

అర్హత విషయానికొద్దాం. సూపర్‌బైక్‌లో ఏదైనా మోడల్ దిగాలంటే కంపెనీ మొత్తమ్మీద అలాంటివి 500 తయారుచేయాలట. ఐదొందలు! దసరాల్లో పూజ కోసం నిమ్మకాయలు కట్టుకుని దుర్గమ్మ కొండ కింద నిలబడే బళ్లు లెక్కపెట్టడానికి వాళ్ల అధికారులెవరైనా వస్తానంటే మంచినీళ్ల ఖర్చు నాది. పైగా వాళ్లది షోరూము బండి అనడం కూడా మాటవరసకే. హెడ్‌లైటు పీకేసి, అది ఉండాల్సిన చోట హెడ్‌లైటు బొమ్మ ఉన్న స్టిక్కరు అంటిస్తారు. అద్దాలుండవు, ఇండికేటర్లుండవు, స్టాండుండదు. మన దగ్గర అన్నీ ఉంటాయి. అద్దం తల దువ్వుకోడానికి లోపలికి తిరిగి ఉంటుంది. ఇండికేటరు పోయిన వారం తిరిగిన మలుపు కోసం ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. స్టాండు రోడ్డుని గీస్తూ పోతుంటే "అన్నా, స్టాండు! స్టాండు!" అని ఊరు ఊరంతా అరుస్తుంది. రేసులో జెండా ఊపి హెచ్చరించేవాళ్లని మార్షల్స్ అంటారు. జీతం లేని మార్షల్స్ ఇంతమంది ఏ దేశంలోనూ ఉండరు. ఈ ఒక్కటి మాత్రం వ్యంగ్యం కాదు.

బరువు సంగతి ఇంకా బాగుంటుంది. బౌటిస్టా అని స్పెయిన్ వాడు, బక్కపల్చని మనిషి, 2022లోనూ 2023లోనూ డుకాటీ మీద గెలిచాడు. అంత తేలికైనవాడు తిన్నటి రోడ్డు మీద దూసుకుపోతే మేమేమైపోవాలని మిగతావాళ్లు గోలపెట్టారు. 2024 నుంచి రైడరు బరువు కూడా లెక్కేసి, తేలికగా ఉన్నవాడి బండికి అదనపు బరువు తగిలించారు. మనకి ఈ నియమం చెప్పేవాడే అక్కర్లేదు. ముందు గ్యాస్ బండ, మధ్యలో స్కూలు సంచీతో పిల్లాడు, వెనక బావమరిది. వెనకాల ఒక్కణ్ణే ఎక్కించుకోమని చట్టం 128వ సెక్షన్ అంటుంది కానీ, బావమరిదిని దిగమని చెప్పే సెక్షన్ ఏ పార్లమెంటూ చేయలేదు.

టైర్లు వాళ్లవి నున్నగా, గాడి లేకుండా ఉంటాయి. స్లిక్ అంటారట. మనవీ అంతే. కాకపోతే వాళ్లు కొత్తవే అలా కొంటారు, మనం నాలుగేళ్లు కష్టపడి ఆ నునుపు సాధిస్తాం. వాన పడితే వాళ్లు గబగబా గాడి ఉన్న టైర్లు మార్చుకుంటారు. మనవాళ్లు రెండు కాళ్లూ కిందకి వేలాడేస్తారు.

ఒకే బండి గెలుస్తుంటే మిగతావాళ్లు డీలా పడకుండా దాని ఆర్‌పీఎంకి, అంటే ఇంజను తిరిగే వేగానికి, కోత పెట్టే పద్ధతి కొన్నేళ్లు నడిచింది. జొనాథన్ రే 2015 నుంచి 2020 దాకా ఆరేళ్లూ వరసగా కవాసకీ మీద గెలిచాడు. మధ్యలో ఆ కోతా తిన్నాడు, అయినా గెలిచాడు. మన దగ్గర ఆ పని స్పీడ్ బ్రేకరుది. దానికి పక్షపాతం లేదు, అంబులెన్సుని కూడా వదలదు.

ఒక్కో చోట జరిగే పోటీని రౌండు అంటారు. 2019 నుంచి రౌండుకి మూడు రేసులు. ఆదివారం పొద్దున జరిగే సూపర్‌పోల్ రేసు మరీ పొట్టిది, పది ల్యాపులే. మనకీ మూడే. స్కూలు బెల్లు రేసు, సాయంత్రం ఇంటి రేసు, రెంటికీ మధ్య ఆఫీసు బయోమెట్రిక్ రేసు. ఈ మధ్యది మరీ పొట్టిది, మరీ భయంకరమైనది.

ఇక స్టార్టింగు. అక్కడ రేసుకి ముందు జరిగే అర్హత పోటీలో వేగంగా తిరిగినవాడికి ముందు వరస ఇస్తారు. మన దగ్గర ఆఖరున వచ్చినవాడిదే ముందు వరస. బస్సుకీ ఆటోకీ మధ్య నీళ్లలా జారి, జీబ్రా గీతలు దాటి, అడ్డం వచ్చే ట్రాఫిక్‌లో ముందు చక్రం పెట్టి ఆగుతాడు. పైన ఎర్ర అంకెలు తగ్గుతుంటాయి. ఏడు దగ్గర ఇంజన్లు గుర్రుమంటాయి. ఐదు దగ్గర వెనకనించి హారను. మూడు దగ్గర అందరూ వెళ్లిపోతారు. ఎర్రలైటు ఆరకముందే కదిలితే అక్కడ లాంగ్ ల్యాప్ అని శిక్ష ఉంది, పక్కన గీసిన పొడుగుదారిలో చుట్టి రావాలి. మన ఇంజనీర్లు ఆ పొడుగుదారిని యూటర్న్ పేరుతో నేరం చేయనివాళ్లకి కూడా వేసి ఉంచారు. అందుకే ఎవరూ పోరు, రాంగ్ రూట్లో వస్తారు.

ఒక చిన్న తేడా ఉంది, అర్జీలో రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. జారి పడేవాడి కోసం వాళ్లు మలుపు బయట కంకర పోస్తారు. మనం మలుపు లోపలే పోస్తాం. వాళ్ల ఒంటి మీది సూటులో గాలిసంచీ ఉంటుంది, పడగానే ఉబ్బుతుంది. మనవాడి హెల్మెట్ మోచేతికి ఉంటుంది, మోచెయ్యి మాత్రం భద్రం.

మొన్న అర్జీ తీసుకుని నా పాత బండి మీద బయల్దేరాను. బందరు రోడ్డులో ఒక అబ్బాయి నన్నూ సిటీ బస్సునీ రాసుకుంటూ మధ్యలోంచి దూరిపోయాడు. వాడి హ్యాండిల్ నా మోచేతికి తగిలి చొక్కా చిరిగింది. ప్రాణాలు చిక్కబట్టుకుని ఐదు నిమిషాలు పోయేసరికి, సందు మొదట్లో ఇడ్లీ బండి దగ్గర వాడే. బండికి ఒరిగి ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఏం బాబూ, ఎక్కడికో ఆలస్యమైనట్టుందే?" అన్నాను.

"అబ్బే, లేదంకుల్. ఖాళీయే" అని ఇడ్లీ అతని వైపు తిరిగాడు. "అన్నా, నెయ్యి కారం ఒక ప్లేటు. నిదానంగానే ఇవ్వు, తొందరేం లేదు."