ఆ ఐదు ఎవరు నొక్కేశారు?

పాడెల్ స్కోరు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను కానీ, నా వైపు కుశలం ఏమీ లేదు. నిన్ననే మొదటిసారి పాడెల్ ఆడదామని, అదే గాజు గోడల మధ్య ఇద్దరిద్దరు జట్టుగా ఆడే ఆ టెన్నిస్ లాంటి ఆట, కోర్టులో దిగాను. నాకు లెక్కలు రావని స్కూల్లో కూడా ఎవరూ అనలేదు, మీరు అనిపించారు.

మొదటి పాయింట్‌కి పదిహేను, సరే. రెండోదానికి ముప్పై, ఓహో పదిహేనో ఎక్కం అన్నమాట అనుకుని, మూడోది గెలవగానే "నలభై ఐదు!" అని గట్టిగా అరిచాను. నలభై అట. మిగతా ఐదు ఎవరు నొక్కేశారయ్యా అని అడిగితే మా పార్ట్‌నర్ "టెన్నిస్‌లోనూ అంతే" అన్నాడు, అదేదో సమాధానమైనట్టు.

నా ఒళ్లు మండింది అక్కడే. 1969లో మెక్సికోలోని అకాపుల్కోలో ఎన్రికే కోర్కువేరా అనే ఆయన తన ఇంటి దగ్గర గోడల మధ్య కోర్టు కట్టించిన దగ్గర్నుంచి మీ ఆట టెన్నిస్‌ని ఎక్కడ దొరికితే అక్కడ మార్చుకుంటూనే వచ్చింది కదా! కోర్టుని 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పుకి కుదించారు. రాకెట్ తీగలు పీకేసి చిల్లులు పెట్టారు. తల మీద నుంచి సర్వీస్ వద్దన్నారు, బంతిని ఓసారి నేలకి కొట్టి, నడుము ఎత్తు దాటకుండా, ఐమూలగా అవతలి గడిలో వేయాలన్నారు. ఇంత తెగింపు ఉన్నవాళ్లకి ఒక్క ఐదు కలపడానికి చేతులు రాలేదా?

గాజు గోడలతో నాకు పేచీ లేదు. అవతలి పక్క బంతి ముందు నేలని తాకాలి, ఆ తర్వాత గాజుకి తగలనీ, గాజు లేని చోట ఉండే తీగల జాలీకి తగలనీ, ఆట నడుస్తుంది. నేల తాకకుండా నేరుగా గోడకే తగిలిందా, పాయింట్ పోయినట్టే. సర్వీస్‌లో మాత్రం నేల మీద పడ్డాక జాలీకి తగిలితే ఫాల్ట్, గాజుకి తగిలితే తప్పు కాదు. "వదిలెయ్, గాజు నుంచి వెనక్కి వస్తుంది" అని మా వాడు అరుస్తూనే ఉన్నాడు, నేనేమో ఈగల్ని తోలినట్టు అడ్డొచ్చిన ప్రతిదాన్నీ బాదుతూనే ఉన్నాను. అరగంటకి అదీ ఒంటబట్టింది. మీరే ఎక్కలేదు.

నలభై–నలభై అయితే గేమ్ దక్కడానికి వరసగా రెండు పాయింట్లు గెలవాలని కొందరు, గోల్డెన్ పాయింట్ అని ఒక్క పాయింట్ చాలని కొందరు. మేం రెండోదే పెట్టుకున్నాం. సర్వీస్ ఏ వైపుకి రావాలో అందుకునే జట్టు చెప్పొచ్చట. నన్నడిగారు. మొహమాటానికి "మీ ఇష్టం" అన్నాను. ఇంకేముంది, నా మీదకే వేశారు. (మళ్లీ ఎవరైనా అడిగితే వేలితో మా వాడి వైపే చూపిస్తాను.)

అన్నిటికంటే పెద్ద అన్యాయం చివర్లో తెలిసింది. ఆరు గేములు, రెండు తేడా ఉంటే సెట్, అలాంటివి రెండు గెలిస్తే మ్యాచ్. మరి ఆరు–ఆరు అయితే? టై బ్రేక్. అందులో ఎలా లెక్కపెడతారో విని నోరెళ్లబెట్టాను. ఒకటి, రెండు, మూడు, ఇలా ఏడు దాకా, రెండు తేడాతో! అంటే మీకు అంకెలు వచ్చు! వచ్చి కూడా ఇంతసేపూ మమ్మల్ని ఆడించారన్నమాట.

ఇట్లు,
మీ దగ్గర్నుంచి ఐదు రావాల్సినవాడు

తా.క.: సున్నాని "లవ్" అంటారని కూడా చెప్పారు. నిన్న నాకు అది చాలా దొరికింది.