అడగకుండా నాడి పట్టే కెమెరా

ముప్పై సెకన్లు ముఖం చూపితే చాలు, గుండె వేగం, శ్వాస, రక్తపోటు, మానసిక ఒత్తిడి అన్నీ చెప్పేస్తామంటూ ఫోన్లలోకి, అద్దాలలోకి, ఆఫీసు కంప్యూటర్లలోకి కెమెరాలు బారులు తీరుతున్నాయి. రోజూ చూపితే నెలల తరబడి ఒంట్లో వచ్చే మార్పులను గ్రాఫు గీసి మరీ ఇస్తాయట. అదీ చాలాచోట్ల ఉచితంగా! ఆ ఉచితం దగ్గరే మా అనుమానం. గ్రాఫు ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నాళ్లు ఉంటుంది, రేపు ఎవరి చేతికి పోతుంది? ప్రకటనల్లో వీటికి జవాబు వెతకడం దండగ. ఎవరూ చదవని షరతుల పత్రంలో ఏ మూలనో ఉంటుంది, రాసుకున్నవారికి అనుకూలంగా.

ఇందులో మాయ ఏమీ లేదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ముఖ చర్మం కింద రక్తం కాస్త పెరిగి తగ్గుతుంది. హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది కనుక చర్మం రంగు కంటికి ఆననంత మేర మారుతుంది. గదిలోని మామూలు వెలుతురులో, మామూలు కెమెరాతోనే ఆ మార్పును పట్టవచ్చని 2008లోనే పరిశోధకులు చూపించారు. 2018లో గూగుల్ బృందం రెటీనా ఫోటోల నుంచి వయసును, పొగతాగే అలవాటును, గుండెపోటు ముప్పును అంచనా కట్టింది. వాటిలో అత్యధికం మధుమేహ రోగుల కంటి పరీక్ష కోసం తీసిన ఫోటోలు. 2025లో వెలువడిన ‘ఫేస్‌ఏజ్’ పరిశోధన ముఖం ఫోటో చూసి శరీరం వయసు లెక్కగట్టింది. క్యాన్సర్ రోగులు అసలు వయసు కంటే సగటున ఐదేళ్లు పెద్దగా తేలారు. ఆ పరికరానికి చదువు నేర్పింది అందరికీ అందుబాటులో ఉన్న ఫోటోల సంకలనాలతో. ఆ ఫోటోల్లోని మనుషులు కెమెరా ముందు నిలబడినప్పుడు ఇలాంటి లెక్క ఒకటి ఉంటుందని కలలోనైనా అనుకొని ఉంటారా?

కెమెరాతో మేలు లేదని మేము అనడం లేదు. నెలలు నిండని శిశువు లేత చర్మానికి తీగలు అంటించకుండా నాడి చూడగలిగితే, పుట్టుమచ్చ ఏడాదిలో ఎంత మారిందో ఫోటోలు పక్కపక్కన పెట్టి క్యాన్సర్‌ను ముందే పసిగట్టగలిగితే కాదనేదెవరు? అక్కడ డాక్టరు అడుగుతారు, రోగి లేదా తల్లిదండ్రులు ఒప్పుకుంటారు, ఫోటో కేసు షీటులో ఉంటుంది.

మా అభ్యంతరం ఒక పనికి ఇచ్చిన ఫోటోను మరో పనికి చదవడం మీద. గుర్తింపు కార్డుకు ఫోటో ఇచ్చాం, ఇంటర్వ్యూకు వీడియోలో కూర్చున్నాం, ఆన్‌లైన్ పరీక్షలో మోసం చేయడం లేదని నిరూపించుకోవడానికి గంటల తరబడి ముఖం చూపించాం. వాటిలో దేనికీ మన గుండె గురించి చెప్పడానికి ఒప్పుకోలేదు. వీడియోను కుదించి భద్రపరిచినప్పుడు నాడి ఆనవాళ్లు చాలావరకు చెదిరిపోతాయని నిపుణులు ధైర్యం చెబుతున్నారు. ఇవాళ్టికి అది నిజమే. కానీ ఫోటో పాతబడుతున్నకొద్దీ దాన్ని చదివే యంత్రం పదునెక్కుతుంది. పైగా ఒక్క ఫోటో ఒక్క క్షణమే. పదేళ్ల ఫోటోలను వరుసగా పేరిస్తే అది రోగ చరిత్ర. ఆ చరిత్రను మనమే ఏటా పుట్టినరోజు ఫోటోలుగా సమర్పించుకుంటున్నాం.

ఇది ఊహాజనిత భయం కాదు. ఇంటర్నెట్‌లోని ముఖాలను ఎవరినీ అడగకుండా వందల కోట్లలో పోగేసి క్లియర్‌వ్యూ అనే సంస్థ పోలీసులకు అమ్ముతోందని 2020లో బయటపడింది. వినియోగదారుల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు చేరవేసిందన్న ఆరోపణపై మందుల ధరల యాప్ గుడ్‌ఆర్ఎక్స్ 2023లో అమెరికాలో 15 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. వంశమూలాల మీద ఆసక్తితో లక్షలాదిమంది లాలాజలం పంపిన 23అండ్‌మీ 2025లో దివాలా పిటిషన్ వేసేసరికి, వారి జన్యు సమాచారం వేలంలో ఆస్తిగా మారింది. మూడుచోట్లా కథ ఒకటే. ఇచ్చింది ఒకందుకు, వాడింది ఇంకొకందుకు. ముఖానికి మాత్రం వేరే న్యాయం జరుగుతుందని నమ్మాలా?

అన్నిటికన్నా వెగటు పుట్టించేది ఈ యాప్‌ల ద్వంద్వ నీతి. ప్రకటనలో ‘మీ జేబులో డాక్టర్’. కింద చీమ తలంత అక్షరాల్లో ‘ఇది వైద్య సలహా కాదు’. డాక్టర్ అంటే కొనుగోలుదారు వస్తాడు, కాదంటే వైద్య పరికరాల తనిఖీ తప్పుతుంది. అమెరికాలో 1996 నాటి ఆరోగ్య గోప్యతా చట్టం ఆస్పత్రులను, ఆరోగ్య బీమా సంస్థలను కట్టడి చేస్తుందే తప్ప, మనంతట మనం దింపుకొన్న యాప్‌ను సాధారణంగా పట్టించుకోదు. పని ప్రదేశాల్లో మనుషుల భావోద్వేగాలను యంత్రాలతో చదవడాన్ని ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మంచిదే. అయితే నొప్పి, అలసట వంటి శారీరక స్థితులు భావోద్వేగాల కిందికి రావని అదే చట్టం చెబుతోంది. ఉద్యోగి దిగులును కెమెరాతో చదవడం నిషిద్ధం, అలసటను చదివితే ఈ నిషేధం వర్తించదు!

చదివింది సరిగ్గానైనా చదువుతుందా అంటే అదీ అనుమానమే. ముదురు రంగు చర్మంలోని మెలనిన్ కాంతిని మింగేస్తుంది, కెమెరాకు అందే సంకేతం బలహీనపడుతుంది. ఆస్పత్రుల్లో దశాబ్దాలుగా వాడుతున్న వేలి ఆక్సీమీటరే నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గుదలను శ్వేతజాతీయులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పసిగట్టలేకపోయిందని 2020లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. వేలికి తగిలించిన పరికరమే అలా ఉంటే, మీటరు దూరం నుంచి చూసే కెమెరా గీసిన గ్రాఫు ఒకరి ఉద్యోగాన్నో, బీమా ప్రీమియాన్నో తేల్చవచ్చా? సరిగ్గా చదివితే గోప్యత పోతుంది, తప్పుగా చదివితే చేయని నేరానికి శిక్ష పడుతుంది.

చట్టసభలు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఏ ఫోటో నుంచి తీసినా, ఏ అవసరానికి తీసిన ఫోటో అయినా, దాని నుంచి రాబట్టిన ఆరోగ్య సమాచారం వైద్య రికార్డుతో సమానమని రాయాలి. ప్రతి కొత్త వాడకానికి కొత్తగా అనుమతి అడగాలి. ఇప్పటికే పోగుపడిన పాత ఫోటోల జోలికి పోరాదు. బీమా సంస్థకు, యజమానికి ఈ గ్రాఫులు ఏ రూపంలోనూ చేరకూడదు, ఉద్యోగి ‘స్వచ్ఛందంగా’ ఒప్పుకున్నా సరే. జీతం ఇచ్చే చేయి అడిగినప్పుడు స్వచ్ఛందం అనే మాటకు విలువెంతో అందరికీ తెలుసు. దొంగలు పడ్డ ఆరు నెలలకు మొరిగే అలవాటును నియంత్రణ సంస్థలు ఈ ఒక్కసారికైనా మానుకోవాలి.

వైద్య సంఘాలకూ ఒక మాట. రోగి నాడిని చెప్పకుండా చూసి, ఆ సంగతి బీమా కంపెనీ చెవిన వేసిన డాక్టరును మీరు ఊరుకోరు. అదే పనికి దారులు తెరిచే యాప్‌కు తెల్లకోటు వేసుకొని ప్రచారం చేసే డాక్టర్లకు నోటీసు ఎప్పుడు ఇస్తారు?