దూరవిద్య వద్దన్నారు సరే, దగ్గరి విద్య సంగతేమిటి?

సైకాలజీని ఇక దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని 2025లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) కట్టడి చేసినప్పుడు తిరుపతిలో నాకు తెలిసిన అధ్యాపకులు సంతోషించారు. ప్రయోగశాల మొహం చూడకుండా, ఒక్క మనిషినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడకుండా మనస్తత్వ శాస్త్రంలో పట్టా ఏమిటన్నది వారి వాదన. నాకూ అభ్యంతరం లేదు. కానీ రోజూ బస్సెక్కి కాలేజీకి వచ్చి మొదటి బెంచీలో కూర్చునే పిల్లలకు కూడా ఈ చదువు ఆమడ దూరంలోనే ఉంది. ఆ దూరం భాషది. దాని మీద ఏ కమిషనూ ఉత్తర్వు ఇవ్వలేదు.

కోర్సు మీద ఉన్న అపోహలు దులపడానికి ఇక్కడ చోటు లేదు. 'మొహం చూసి మనసులో మాట చెప్పేస్తావా' అని పెళ్ళిళ్ళలో అడిగే బంధువులకు ఆ పిల్లలే జవాబు చెప్పుకుంటున్నారు. డిగ్రీలో నేర్పేది స్టాటిస్టిక్స్, ప్రయోగాలు, పరీక్షలు, రికార్డు రాయడం. పట్టా చేతికి రాగానే క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు తగిలించుకోవడానికి వీల్లేదు. అందుకు పై చదువు కావాలి, భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వూంట్ తొలి సైకాలజీ ప్రయోగశాల తెరిచిన నాటి నుంచి ఇది కొలతలతో నడిచే శాస్త్రం. నా పేచీ అంతా ఆ కొలబద్దతోనే.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం. చిత్తూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి తల్లితో కలిసి అద్దె గదిలో ఉంటోంది. ఒక ఆదివారం నన్ను ప్రయోగానికి కూర్చోబెట్టింది. 1935 నాటి స్ట్రూప్ ప్రయోగం అది. కార్డు మీద ఇంగ్లీషులో రంగుల పేర్లు ఉంటాయి. 'రెడ్' అన్న మాట నీలం సిరాలో, 'గ్రీన్' అన్నది ఎర్ర సిరాలో. మాటను పట్టించుకోకుండా సిరా రంగు చెప్పాలి. చదవడానికి అలవాటుపడిన కన్ను ఊరుకోదు, నాలుక తడబడుతుంది. ఆ తడబాటును స్టాప్‌వాచ్‌తో కొలుస్తారు. ఏళ్ళ తరబడి ఇంగ్లీషు కాగితాలతో కాపురం చేసినవాణ్ణి కాబట్టి నేను బాగానే తడబడ్డాను. తర్వాత వాళ్ళమ్మ కూర్చుంది. తడుముకోకుండా రంగులన్నీ గడగడా చెప్పేసింది. రికార్డు ప్రకారం ఆమె ఏకాగ్రత ముందు నేను దిగదుడుపు. అసలు సంగతి వేరు. ఇంగ్లీషు మాటలు ఆమె కూడబలుక్కుని చదవాలి. కంటికి అంటుకోని మాట నాలుకకు ఎలా అడ్డుపడుతుంది? స్టాప్‌వాచ్ కొలిచింది ఇంగ్లీషు పరిచయాన్ని. రికార్డులోకి ఎక్కింది మాత్రం ఏకాగ్రత.

పోనీ తెలుగులో కార్డులు చేద్దామని ఆ అమ్మాయే కత్తెర, స్కెచ్ పెన్నులు ముందేసుకుంది. మొదటి నాలుగు మాటల్లోనే చిక్కొచ్చింది. 'పచ్చ' అని రాస్తే ఏ రంగు? వాళ్ళమ్మ ఆకు వైపు చూపించింది, నేను పసుపు డబ్బా వైపు చూశాను. ఇద్దరిదీ తప్పు కాదు. తెలుగులో పచ్చని చేను ఉంది, పచ్చని మేనిఛాయ ఉంది. ఆ నిమిషంలో ఆ గదిలో జరిగినది నిజమైన సైకాలజీ అని నా నమ్మకం. భాష రంగులను ఎలా పంచుతుంది, ఆ పంపకం మెదడు వేగాన్ని మారుస్తుందా అన్నది ప్రపంచంలో పెద్ద పెద్ద పరిశోధకులు తల బద్దలుకొట్టుకునే ప్రశ్న. మన విద్యార్థిని అద్దె గదిలో నేల మీద కూర్చుని దాన్ని తనంతట తాను పట్టుకుంది. సిలబస్‌లో దానికి చోటు లేదు.

జ్ఞాపకశక్తి ప్రయోగానిదీ ఇదే కథ. జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ అర్థం లేని శబ్దాలు కూర్చుకుని తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకం వేశాడు: ముందొక హల్లు, నడుమ అచ్చు, చివర మళ్ళీ హల్లు. అవి ఆయన జర్మన్ చెవికి అమరిన శబ్దాలు. మన మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి, మన లిపిలో గుణింతాలున్నాయి, ఒత్తులున్నాయి. తెలుగులో అర్థం లేని మాట ఎలా ఉండాలో తేల్చడమే ఒక సెమిస్టర్ పని. ఎంత రుచిగల పని!

ఇంగ్లీషు లేకపోతే పై చదువులు, పరిశోధన పత్రాలు, ఉద్యోగాలు అందవన్నది అవతలి పక్షం మాట. కాదనను, ఇంగ్లీషు నేర్పండి, గట్టిగా నేర్పండి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీని ఇంగ్లీషు మాధ్యమానికి మార్చినప్పుడు కూడా ఇదే చెప్పారు. కానీ 'తెలుగులో సైకాలజీ కుదరదు' అనేవాళ్ళు టెట్, డీఎస్సీ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కి రావాలి. నేర్చుకోవడం మీద జరిగిన పాత ప్రయోగాల్లోని పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ అక్కడ ఏనాడో తెలుగు నేర్చేశాయి. శాస్త్రీయ నిబంధనం, యత్నదోష అభ్యసనం, అంతర్దృష్టి అభ్యసనం, ప్రచోదన అన్నీ బిట్ల రూపంలో నోట్లో నలుగుతూనే ఉన్నాయి. ఉపాధ్యాయ పరీక్షకు పనికొచ్చిన భాష విశ్వవిద్యాలయం గేటు దగ్గర అంటరానిది ఎలా అయింది?

ఇదేదో పండితుల ముచ్చట అనుకుంటే, గోవిందరాజస్వామి గుడి దగ్గర మూర మల్లెపూలు కొలిచి ఇచ్చే మనిషిని తలుచుకోండి. 1965లో అమెరికా వైద్యుడు విలియం జుంగ్ తయారుచేసిన కుంగుబాటు ప్రశ్నావళి మొదటి వాక్యంలోనే, ఇంగ్లీషువాళ్ళు దిగులుకు వాడే 'బ్లూ' అన్న మాట ఉంది. ఆ పూలామెకు దిగులు నీలంగా ఉండదు. గుండె బరువుగా ఉంటుంది, అన్నం సహించదు, ఒళ్ళంతా మంటగా ఉంటుంది. హాస్టల్లో చేరిన పిల్లది బెంగ, వాన కోసం మొగులు చూసే రైతుది దిగులు, ఫలితాల ముందు రాత్రి కలిగేది గుబులు. మూడూ వేరని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు పాఠంలో మూడింటినీ ఒక్క 'యాంగ్జయిటీ' మింగేస్తుంది. విశాఖలో నీట్ శిక్షణకు వచ్చి చనిపోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. నూరు మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. ఆ కౌన్సెలర్లలో కొందరైనా తిరుపతి డిగ్రీ తరగతుల నుంచే రావాలి. ఎదురుగా కూర్చున్న పిల్ల 'బెంగగా ఉంది సార్' అంటే ఏ గడిలో టిక్కు పెడతారు?

ఇక నేను ఎప్పుడూ పాడే పాటే. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అటెన్షన్‌ను 'అవధానం' అంటారు. 1956లో మిల్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త, మనిషి ఒక్కసారికి ఏడంశాలు, అటూ ఇటూ రెండు, పట్టి ఉంచగలడని రాశాడు. మన విద్యార్థి దాన్ని బట్టీపట్టి పరీక్ష రాస్తాడు. అదే ఊళ్ళో సాయంత్రం ఏ సభలోనో అవధాని కూర్చుని ఉంటాడు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పొంతన లేని మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అడుగడుగునా అక్షరానికి అడ్డుకట్ట వేస్తాడు, అప్రస్తుత ప్రసంగి పానకంలో పుడకలా తగులుతుంటాడు. మధ్యమధ్య గంట మోగుతుంది. ఎన్నిసార్లు మోగిందో చివర చెప్పాలి. అన్నీ ముగిశాక పద్యాలన్నీ ధారణ చేయాలి. అవధానాన్ని పంచుకోవడం, ఆటంకాన్ని తట్టుకోవడం, ఛందస్సును కొక్కెంగా వాడి గుర్తుపెట్టుకోవడం అన్నీ ఒకే వేదిక మీద! పాఠంలో అవధానానికీ సభలో అవధానానికీ ఒకటే పేరు ఉండగా, ఆ రెంటినీ ఒక గదిలోకి తెచ్చే పాఠ్యప్రణాళిక రాయడానికి కావలసింది నిధులు కాదు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ పారిభాషిక పదాలు తెచ్చింది, పుస్తకాలు వేసింది. ఆ దారిలో గడ్డి మొలవనిచ్చింది మనమే. 1954లో వేంకటేశ్వరుడి పేరుతో వెలసిన విశ్వవిద్యాలయానికి, 1983 నుంచి ఆడపిల్లలకు చదువు చెబుతున్న పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి దాన్ని చెక్కి శుభ్రం చేసే అర్హత ఉందని నేనంటాను.

మా వీధి అమ్మాయి చివరికి కార్డులు తెలుగులోనే చేసింది. 'పచ్చ' తీసేసి 'ఆకుపచ్చ', 'పసుపు' అని రాసింది. వాళ్ళమ్మ ఈసారి నాలుగో మాట దగ్గరే తడబడి పకపకా నవ్వింది. రెండు కార్డుల కాలాలూ పక్కపక్కన వేసి రికార్డులో రాస్తే, ప్రాక్టికల్స్‌కు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పేజీ తిరగేసి 'మాన్యువల్లో ఇలా లేదే' అన్నారట. సంతకం మాత్రం చేశారు.