హన్మకొండలో చల్లటి ఇంజిన్

హోండా ఎస్2000 అనే స్పోర్ట్స్ కారులో వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండే సన్నటి సందు) చూడాలంటే ఇంజిన్ హెడ్, అంటే పైభాగం, 38 డిగ్రీల లోపు చల్లబడి ఉండాలని కంపెనీ మ్యాన్యువల్ చెబుతుంది. ఆ రూలు రాసిన జపాన్ ఇంజినీరుకు రెండు చేతులెత్తి మొక్కుతాను గానీ, పాపం ఆయన మే నెలలో హన్మకొండ చూసి ఉండడు. ఇక్కడ మే నెలలో మనుషుల హెడ్డే 38 లోపు ఉండటం కష్టం. రామగుండం వాళ్లనైతే అసలు అడగనే కూడదు.

కానీ మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు సారుకు మ్యాన్యువల్ అంటే వేదం. ఆయనకు ఒక సెకండ్ హ్యాండ్ ఎస్2000 ఉంది. రెండే సీట్లు, పైకప్పు మడత పడుతుంది, ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరుగుతుంది. సుబేదారి నుంచి కాజీపేట దాకా ఉన్న స్పీడ్ బ్రేకర్ల పుణ్యమా అని అది 2,000 దాటినట్టు చూసినవాళ్లు లేరు. ఈ మధ్య ఇంజిన్‌లో టిక్ టిక్ అని చప్పుడు వస్తోందట. షెడ్డుకు పోతే దోచుకుంటారు కాబట్టి ట్యాపెట్ సెట్టింగ్ (ఆ వాల్వ్ సందు సరిచేయడం) ఇంట్లోనే చేసుకుని, దాన్ని వీడియో తీసి, లోకానికి జ్ఞానం పంచాలని సారు నిర్ణయించారు. ఇలాంటి నిర్ణయాలు మన ఊళ్లో ఎవరు తీసుకుంటారో మీకు తెలుసు. ఇంట్లో ట్యూబ్‌లైట్ మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ను పిలిచేవాళ్లే.

ముందు ఇంజిన్ చల్లబడాలి కదా. శనివారం రాత్రి సెల్లార్లో బానెట్ తెరిచి దాని ముందు ఎయిర్ కూలర్ పెట్టారు. కరెంటు కామన్ మీటరుది. కూలరేమో వాచ్‌మన్‌ది, "ఒక్క రాత్రికే కదయ్యా" అని తీసుకున్నారు. పంపు పక్కన రేకుల గదిలో వాచ్‌మన్ పిల్లలు తెల్లార్లూ అట్ట ముక్కలతో విసురుకుంటే, కారు మాత్రం వట్టివేళ్ల వాసనలో హాయిగా పడుకుంది.

ఆదివారం పొద్దున్నే హెడ్ కవర్ విప్పారు. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వులకు 0.21 నుంచి 0.25 మిల్లీమీటర్లు, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వులకు 0.25 నుంచి 0.29 సందు ఉండాలి. అది చూడాలంటే మొదటి సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్‌లో (గాలిని అదిమే దశలో) పైకి తేవాలి, అంటే ఇంజిన్ ముందుండే క్రాంక్ పుల్లీ చక్రానికి పానా పెట్టి ఇంజిన్‌ను చేత్తో తిప్పాలి. ఎటు తిప్పాలి? గడియారం ముల్లు తిరిగే వైపు. అంతే, సెల్లార్లో మహాసభ మొదలైంది. బంపర్ ముందు నిలబడ్డవాళ్లకు ఒక గడియారం, అద్దం వెనుక సీట్లో కూర్చుని మెడ చాచి చూస్తున్న బావమరిదికి ఇంకో గడియారం. రిటైర్డ్ లెక్చరర్ గారు చేతి వాచీ విప్పి పుల్లీ మీద ఆనించి చూపించారు. మెకానికల్ పట్టా పుచ్చుకుని హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే కుర్రాడు, పాత హోండాలు రివర్స్‌లో తిరిగేవని ఎక్కడో చదివానన్నాడు. (నిజమే, తిరిగేవి. ఆ ఒక్క నిజంతో ముప్పావు గంట పోయింది.) చివరికి పంచాంగం చూసే పెద్దాయన ప్రదక్షిణ దిశే మంచిదనీ, అపసవ్యం పితృకార్యాలకే గానీ కొత్తగా తెచ్చుకున్న బండికి తగదనీ తేల్చారు. శాస్త్రం, మ్యాన్యువల్ ఒకే మాట చెప్పిన అరుదైన సందర్భం కనుక అందరూ చప్పట్లు కొట్టారు. ఈలోపు బావమరిది పానా ఎటు తిప్పాడో ఎవరూ చూడలేదు.

తర్వాత ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్నటి రేకు వంతు. రేకు సందులో దూరి, లాగితే కొద్దిగా పట్టినట్టు రావాలి. ఆ "కొద్దిగా" ఎంత? తలా ఒకసారి లాగి చూశారు. లెక్చరర్ గారికి టైట్, కుర్రాడికి లూజ్, పంచాంగం పెద్దాయనకు మధ్యమం. స్క్రూ తిప్పి సందు సరిచేసి, దాన్ని కదలకుండా పట్టే లాక్‌నట్ బిగించగానే స్క్రూ కూడా దాంతో కాస్త తిరుగుతుంది, మళ్లీ కొలవాలి. సారు కొలవలేదు, ఎందుకంటే వీడియోలో ఆ భాగం స్పీడ్‌గా వెళ్లిపోయిందట.

అసలు సారు బాధ సందు కాదు, చప్పుడు. స్పోర్ట్స్ కారు కుట్టుమిషన్‌లా టిక్ టిక్‌మంటే పరువేం కాను? "కొంచెం టైట్ చేసేయండి, సౌండ్ బంద్ అయితది" అని సెల్లార్ మొత్తం ఏకకంఠంతో సలహా ఇచ్చింది. చేశారు. బంద్ అయింది. స్వీట్లు పంచారు.

ఆ సందు ఎందుకుందో ఒక్కరూ అడగలేదు. వేడికి వాల్వ్ కాడ సాగుతుంది, ఆ సాగుడుకు చోటు కోసమే ఆ వెంట్రుక మందం ఖాళీ. చోటు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని చాలావరకు వదిలించుకునేది మూసుకుని సీటుకు ఆనుకున్నప్పుడే. ఆనుకోకపోతే అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది. లూజుగా ఉన్న వాల్వ్ అరిచి చెబుతుంది, టైట్‌గా ఉన్నది నోరు మూసుకుని కాలుతుంది.

రెండు రోజులకు కారు ఐడిల్‌లో (కదలకుండా ఇంజిన్ మాత్రం నడిచేటప్పుడు) ఊగడం మొదలైంది, అప్పుడు గుర్తొచ్చాడు ఉస్తాద్. హంటర్ రోడ్డు వైపు చిన్న షెడ్డు ఆయనది. ఎల్పీజీ ఆటోలు, పాత బుల్లెట్లు చేస్తాడు. పాత బుల్లెట్ పుష్‌రాడ్‌ను (వాల్వును కదిలించే కడ్డీని) రెండు వేళ్ల మధ్య తిప్పి, తేలిగ్గా తిరుగుతూ పైకీ కిందికీ ఆడకుండా ఉందా అని కళ్లు మూసుకుని చెప్పే మనిషి. తెల్లవారుజామున వచ్చాడు, కూలర్ అడగలేదు. పదహారూ చూశాడు, బిగించాక మళ్లీ చూశాడు, బావమరిది పాడుచేసిన నట్టు మార్చాడు, గాస్కెట్ తుడిచి కూర్చోబెట్టాడు. సన్నగా టిక్ టిక్ వస్తుంటే సారు మొహం మాడింది. "చప్పుడు ఉంటే భయపడకుండ్రి సార్, బంద్ అయితే ఫోన్ చేయుండ్రి" అన్నాడు.

2,000 అడిగాడు. సారు నవ్వారు. "గంట పనికి రెండు వేలా భాయ్? నీ సామానేం ఖర్చు కాలేదు కదా!" చేతిలో 800 పెట్టారు. సీటు మీద కూర్చోబోతే పేపర్ పరిచి కూర్చోమన్నారు.

గంట పని! ఆ గంట వెనుక పన్నెండేళ్ల వయసులో డీజిల్‌లో నట్లు కడిగిన చేతులున్నాయి, సైలెన్సర్‌కు అంటుకుని ఊడిన తోలు ఉంది, కళ్లజోడు లేకుండా చూసిన వెల్డింగ్ ఉంది. పీఎఫ్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, మెకానిక్ అంటే ఇల్లు అద్దెకిచ్చేవాడు లేడు. కారుకు పోసిన డబ్బుతో కాశిబుగ్గలో ప్లాటు కొనగలిగిన మనిషి, తనకంటే పెద్దవాడి ముందు నిలబడి 1,200 ఎగ్గొట్టి, పైగా షెడ్డు వాళ్లు దొంగలంటాడు! దోచింది ఎవడు ఇక్కడ? సిగ్గుండాలి.

వీడియో వచ్చేసింది. తెల్ల గ్లౌజులతో సారు, చేతిలో మెరిసే కొత్త గేజ్. ఉస్తాద్ మోచేయి కూడా కనపడకుండా కత్తిరించారు. "షెడ్డు అవసరమే లేదు ఫ్రెండ్స్" అని ముగింపు.

ఉస్తాద్ బాకీ సంగతి అసోసియేషన్ మీటింగులో ఎత్తితే అది పర్సనల్ మ్యాటర్ అన్నారు. ఎజెండాలో తర్వాతి అంశం, సారు కారుకు గీతలు పడకుండా పిల్లల సైకిళ్లను సెల్లార్ నుంచి తీసేయడం. ఏకగ్రీవంగా పాసైంది.