తోతాపురి పండే జిల్లాలో క్రాన్‌బెర్రీ ఎందుకండీ?

గంగమ్మ జాతర దగ్గరపడితే చాలు, తిరుపతిలో మా బంధువుల గ్రూపుల నిండా 'హెల్దీ పండగ చికెన్' వీడియోలే. ఓవెన్‌లో కోడి, చుట్టూ పండ్ల ముక్కలు, పైన ఆకులు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కావలసినవి చదివితేనే ఒళ్ళు మండుతుంది. ఎండు క్రాన్‌బెర్రీ, రోజ్‌మేరీ, థైమ్, వెన్న, పావు కప్పు తేనె!

మే నెలలో, మన దగ్గర, క్రాన్‌బెర్రీనా? 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి రైతులు కాయల్ని రోడ్డు మీద పారబోశారు. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుంది అన్న దాకా వచ్చింది వ్యవహారం. ఆ కాయను వదిలేసి, ఎక్కడిదో ఎండిపోయిన పండును, అదీ చాలా ప్యాకెట్లలో చక్కెర పట్టించి అమ్మేదాన్ని, ఆరోగ్యం పేరు చెప్పి కొంటున్నాం.

తేనె సంగతీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద ఇచ్చిన సూచనల్లో తేనెనీ తగ్గించుకోవాల్సిన వాటిలోనే చేర్చింది. పావు కప్పు తేనె, వెన్న పూసిన కోడి ఓవెన్‌లోంచి వచ్చినంత మాత్రాన హెల్దీ అయిపోదు. నూనె ఒకటి రెండు చెంచాలతో సరిపోతుంది, అదొక్కటే ఓవెన్‌తో వచ్చే లాభం. మిగతాది మనం ఏం పూస్తామన్న దాన్ని బట్టే.

అమ్మవారి మొక్కు కోడిని ఓవెన్‌లో పెట్టమని నేననడం లేదు, దయచేసి అత్తలూ పెద్దమ్మలూ మీద పడొద్దు. ఆ పులుసు, ఆ సంగటి జోలికి నేను రాను. అసలు నాటుకోడి ఓవెన్‌కి పనికిరాదు. కండ గట్టిది, పొడి వేడికి పీచులా తయారవుతుంది. దానికి పులుసే మర్యాద. ఓవెన్‌కి బ్రాయిలర్ లెగ్ పీసులే మేలు, స్కిన్‌లెస్ అడిగి తీసుకోండి. కొండ మీద మాంసం నిషేధమే గానీ, కింద ఊళ్ళో ఆదివారం పొద్దున చికెన్ షాపు ముందు క్యూ చూస్తే ఇదేం ఊరో మీకే తెలుస్తుంది.

నేను చేసేది ఇలా. కిలో లెగ్ పీసులకు ఎముక తగిలేదాకా గాట్లు పెడతాను. కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి మెత్తగా నూరి, గట్టి పెరుగు, మిరియాల పొడి, పసుపు, ఉప్పు కలిపి గాట్లలోకి వేలితో కూరి, ఫ్రిజ్‌లో మూడు గంటలైనా ఉంచుతాను. కరివేపాకును నూరాల్సిందే. రెమ్మలు రెమ్మలుగా పైన పరిస్తే ముక్క ఉడికేలోగా మాడి చేదెక్కుతుంది.

ట్రేలో అడుగున ఉల్లిపాయ చక్రాలు, పైన ముక్కలు, 200 డిగ్రీల్లో నలభై, నలభై అయిదు నిమిషాలు. దోర తోతాపురిని తొక్కతోనే మందపాటి ముక్కలుగా కోసి సగం టైమయ్యాక వేయాలి. ముందే వేస్తే గుజ్జయి అంచులు నల్లబడతాయి. పూర్తిగా పండినది వద్దు, తీపెక్కువ. దోరకాయ పులుపు ఉల్లి రసంలో దిగి, పెరుగుతో కలిసి అడుగున చిక్కటి సాస్‌లా అవుతుంది. దాని ముందు సీసాలో కొన్న ఏ సాసూ నిలబడదు.

పైనాపిల్ వాడేవాళ్ళకో మాట. పచ్చిదాన్ని మసాలాలో కలిపి రాత్రంతా ఉంచకండి. అందులోని ఎంజైము మాంసాన్ని పిండిలా చేసేస్తుంది. కావాలంటే బేక్ చేసేటప్పుడు వేసుకోండి.

ఉడికిందా లేదా అని టెన్షన్ పడేవాళ్ళు వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఎముకకు తగలకుండా లావు కండలో గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. రోజ్‌మేరీ సీసాకి పెట్టే డబ్బు దీనికి పెట్టినా దండగ కాదు.

కనుమకో, క్రిస్మస్‌కో మామిడి ఎక్కడిది అని కామెంట్లలో అడుగుతారని తెలుసు. అప్పుడు జామ ఉంది కదా. గట్టి జామ ముక్కలు, పైన నిమ్మరసం, మిరియాలు. గింజలు పంటికి అడ్డమనుకునేవాళ్ళు మధ్య భాగం తీసేసి వేసుకోండి.